గెడ్డ దగ్గర ఆగిన బండి

బండి ఇంకా కొననేలేదు, ఈశ్వర్ దానికి పేరు పెట్టేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ వరస. ఐరావతమట. అక్క కుమారి ఇంటి అరుగు మీద రంగుల కాగితాలు పరిచి, ఏ బండికి ఎంత బలముందో, ఏది రాళ్ల మీద పొట్ట తగలకుండా పోతుందో, ఏది బురదలో నాలుగు చక్రాలూ తిప్పుతుందో పొద్దుటినుంచీ ఏకరువు పెడుతున్నాడు. అతనికున్నది ఒక స్కూటీ. అదైనా భార్యే తోలుతుంది.

కుమారి చింతపండులో పిక్కలు తీస్తూ వింటోంది. వింటోందని ఈశ్వర్ అనుకుంటున్నాడు గానీ, ఆమె చూపంతా కూతురు అనిత మీదే ఉంది. ఆ పిల్ల ఒక్కో బండి బొమ్మ మీదా వేలు పెట్టి, "ఇది మన మెట్ట ఎక్కుతాదేటి మావా?" అని అడిగినప్పుడల్లా తల్లి గుండెల్లో రాయి పడుతోంది.

పడదా మరి? దిబ్బవలసలో వాళ్ల భూమి రెండు ముక్కలు. వరిమళ్లు ఊరిని ఆనుకునే ఉన్నాయి. జీడితోటా, చోళ్లూ ఉలవలూ పండే మెట్టా మాత్రం కొండవాగుకి, ఆ ఊరి మాటలో గెడ్డకి, అవతల కొండవాలున ఉన్నాయి. వంతెన లేదు. కొండమీద వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. కుమారి మొగుడు నరసింగరావు ముసలెద్దుల్ని అమ్మేసి ట్రాక్టరు కొన్నాడు. కొన్న ఏడాదే, వానాకాలంలో, ట్రాక్టరుతో సహా గెడ్డలో పోయాడు. ట్రాక్టరు అక్కడే బోర్లాపడి దొరికింది. మనిషి కిందెక్కడో మొగలి పొదల్లో దొరికాడు.

ఆ తరవాత మెట్ట బీడుపడింది. నల్లరాయి క్వారీ వాళ్లు కౌలుకి ఇమ్మని కబురు మీద కబురు పంపుతున్నారు. ఇచ్చేద్దామంది కుమారి. అనిత ఒప్పుకోలేదు. వ్యవసాయం డిప్లమా చదివిన పిల్ల, తండ్రి నాటిన జీడిచెట్లు పేరుపేరునా తెలిసిన పిల్ల.

"బండొకటి కొనుక్కుంటే నానే సూసుకుంతాను అమ్మా. నాన్న తోటలో రాళ్లు పేలిస్తే సూడగలవేటి నువ్వు?"

చూడలేదు. ఆ మాట నిజమే. కానీ భూమి పోతే పోయింది, ఉన్న ఒక్క పిల్లా అదే నీళ్లలోకి దిగుతుంటే ఒడ్డున నిలబడి చూడడం అంతకంటే తన వల్ల కాదు. వారం పాటు తల్లీకూతుళ్లు మాట్లాడుకోలేదు. చివరికి కుమారి ఒక షరతు మీద సరేనంది.

"ఏ బండైనా సరే, ముందు గెడ్డ సూపించాల. మన ఎద్దుల్ని సూపించినట్టే."

ఈశ్వర్ పగలబడి నవ్వాడు. అనిత నవ్వలేదు. ఆ ఇంటి పద్ధతి దానికి తెలుసు.

ఆ ఇంట్లో తాతల నాటినుంచీ ఎద్దుని పళ్లు చూసి కొనరు, సుడులు చూసి కొనరు. గెడ్డ దగ్గరికి తోలుకెళ్లి పగ్గం వదిలేస్తారు. ములుగర్ర, అంటే చివర ఇనపముల్లున్న వెదురుకర్ర, ఒడ్డున మట్టిలో గుచ్చి, చేతులు కట్టుకుని నిలబడతారు. నీళ్లు కనపడగానే గభాలున దిగిపోయే ఎద్దుని తిప్పి పంపేస్తారు. ఆగి, వాసన చూసి, ఆలోచించుకుని దిగేదాన్నే కొంటారు. కొన్న తరవాత కూడా గెడ్డ దాటేటప్పుడు ములుగర్ర ఒడ్డునే ఉండాలి. ఎద్దు ఆగితే పొడవకూడదు, అదిలించకూడదు, బండి తిప్పేసి ఇంటికొచ్చేయాలి. కుమారి మావగారు ఒక మాట అనేవాడు: "ఎద్దు దేనికాగిందో నీకనవసరం. ఆగినాది. అంతే. తిప్పీ."

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆ ఇంట్లో మగవాడు పోతే, పదో రోజున అతని ములుగర్రని విరిచి గెడ్డలో కలిపేస్తారు. కర్ర ఒడ్డున ఉన్నంతకాలం మనిషి తన పని ఇంకా అయిపోలేదనుకుంటాడట. నరసింగరావు పదో రోజున ఈశ్వర్ కర్ర ఏదని అడిగితే, ట్రాక్టరుతో పాటే పోయిందని చెప్పింది కుమారి. పోలేదు. అటక మీద పాత చాపలో చుట్టి దాచుకుంది. అరచెయ్యి పట్టే చోట నున్నగా అరిగిపోయి, చుట్ట వాసన పట్టిన కర్ర. అది కూడా గెడ్డకిచ్చేస్తే తనకింకేమి మిగులుతుంది? నరసింగరావు ఆమెకి మేనబావ. పుట్టిన దగ్గర్నించీ ఎరిగిన మనిషి. ఒక్కడూ కూర్చుని తినలేని మనిషి, పక్కన కూతురు లేకపోతే కంచంలో చెయ్యి పెట్టేవాడు కాదు. అలాంటివాణ్ణి ఒంటరిగా ఎలా పంపేస్తుంది?

మొదట శ్రీకాకుళం నుంచి కొత్త పికప్పు వచ్చింది, నల్లకళ్లద్దాల కుర్రాడితో సహా. తెల్లగా, పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఆ కుర్రాడు గెడ్డని చూసి, "ఇదేనా మేడమ్" అన్నాడు. అని సర్రున దిగి, నీళ్లు రెండు వైపులా ఎగజిమ్ముకుంటూ అవతలికి పోయి, మెట్ట ఎక్కి, తిరిగి వచ్చేశాడు. ఈశ్వర్ చప్పట్లు కొట్టాడు. కుమారి తల అడ్డంగా ఊపింది.

"దీనికి బయం లేదు," అంది. "గుడ్డెద్దు సేలో పడినట్టు పడ్డాది."

"బండికి బయమేటి అప్పా?" అని అక్కని అడిగాడు ఈశ్వర్.

"ట్రాక్టరుకీ లేదు కదా."

ఈశ్వర్ చప్పట్లు కొట్టిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నల్లకళ్లద్దాల కుర్రాడు మాత్రం పళ్లు కొరుక్కుంటూ పోయాడు.

రెండోది సాలూరు నుంచి వచ్చింది. లారీ యార్డులో బళ్లు కొని అమ్మే ధనరాజ్ తెచ్చాడు. ఏజెన్సీ సంతలకి సరుకు మోసిన పాత జీపు, చేత్తో పూసిన పచ్చరంగు, వెనక తొట్టి. చూడ్డానికి దాని మొహం దిగాలుగా ఉంది. ధనరాజ్ మాత్రం ధీమాగా ఉన్నాడు. "కొండల్లో పుట్టి పెరిగిన బండమ్మా, గెడ్డలు దీనికి మంచినీళ్లు తాగినంత పని," అన్నాడు.

ఆ రోజు కుమారి చాప విప్పింది. ఎవరూ చూడకుండా తెచ్చి, ఒడ్డున మట్టిలో ములుగర్ర గుచ్చింది. గుచ్చాక ఎవరు చూస్తే ఏమిటి? ఈశ్వర్ కర్రని గుర్తుపట్టాడు, అక్క మొహం చూశాడు, జీపు వైపు తిరిగిపోయాడు.

జీపు వాలు దిగి వచ్చి నీటి అంచున ఆగిపోయింది.

ధనరాజ్ తాళం తిప్పాడు. అంటుకుంది. ముందు గేరు వేయగానే చచ్చింది. వెనక్కి వేస్తే బుద్ధిగా వెనక్కి పోయింది. మళ్లీ ముందుకి వస్తే మళ్లీ అక్కడే, అదే అంచున చచ్చింది. ఆరోజు నీళ్లు పిక్కల లోతు కూడా లేవు. బానెట్ ఎత్తి చూశాడు, కింద దూరి చూశాడు. ఏ లోపమూ లేదు. ఒక చుట్ట కాల్చుకునేంత సేపు ఊరుకుని మళ్లీ తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు గెడ్డ దాటి మెట్ట ఎక్కేసింది. ధనరాజ్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇది కావాల," అంది కుమారి.

ఏ బండీ ఆగినందుకు అమ్ముడుపోయి ఉండదు. సాలూరు చరిత్రలో అదొక్కటే అయ్యుంటుంది. తాళాలిచ్చి వెళ్లేముందు ధనరాజ్ గడ్డం గోక్కుంటూ నిజం చెప్పేశాడు: "ఒట్టమ్మా. మరే గెడ్డలోనూ ఇది ఎప్పుడూ ఆగనేదు." ఆ మాట అప్పుడే చెవిన పెట్టి ఉంటే బాగుండేది. కుమారి దాన్ని పొగడ్తలా విని సంతోషించింది.

ఆ వానాకాలంలో ఒక రోజు జీపు అలాగే అంచున ఆగింది. అనిత మారు మాట్లాడకుండా తిప్పేసింది. ఇంటి మలుపు తిరగకముందే వెనక నుంచి హోరు వినిపించింది. ఎర్రనీళ్లు చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ వచ్చి గెడ్డని నింపేశాయి. ఊరంతా చెప్పుకుంది. ఈశ్వర్ కూడా టెంకాయ పట్టుకొచ్చి జీపు ముందు కొట్టి, అప్పటిదాకా నవ్వినందుకు చెంపలేసుకున్నాడు.

కుమారికి మాత్రం సంగతి తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకుంది. బావ పోలేదు. ఈ బండిలో ఉన్నాడు. కూతుర్ని కాపాడుకుంటున్నాడు.

ఆ రోజునుంచి ఆమె మొహంలో కళ వచ్చింది. జీపు గెడ్డ దాటబోయే ముందు ప్రతిసారీ ఆయన ములుగర్ర ఒడ్డున గుచ్చేది, కర్ర మొదట్లో ఒక చుట్ట పెట్టేది. తిరిగొచ్చేసరికి చుట్ట ఉండేది కాదు. కాకి ఎత్తుకుపోయిందని అనిత, ఆయన తీసుకున్నాడని తల్లి. అప్పుడప్పుడు నీటి అంచున బండి ఆగినప్పుడు లోపల చుట్ట వాసన గుప్పుమనేది. పక్కసీటు మీద చెయ్యి వేస్తే చెమ్మగా తగిలేది. భయపడవలసిన సంగతులు. కుమారి ఆ చెమ్మ చేతిని చీరకి తుడుచుకోకుండా ఇంటిదాకా అలాగే తెచ్చుకునేది.

బండి వరద లేని రోజుల్లో కూడా ఆగింది. శీతాకాలంలో ఆగింది, మంచు తప్ప నీళ్లు లేని పొద్దుటిపూట ఆగింది. ఆగినప్పుడల్లా తిప్పేసి ఇంటికొచ్చేవారు, ఏ వరదా వచ్చేది కాదు. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మనిషికి ఫలించిన కల ఒక్కటే గుర్తుంటుంది, తక్కినవన్నీ మరుపులో కలిపేస్తాడు.

జీడిపిక్కల కాలం వచ్చింది. నెల పైగా చినుకు లేదు. గెడ్డలో నీళ్లు చీలమండ దాటవు, రాళ్ల మధ్య సన్నగా పారుతున్నాయి. కొండకి ఆ పక్కన ఏనుగులు దిగాయని, పండిన జీడిమామిడి వాసనకి ఇటే వస్తున్నాయని కబురొచ్చింది. ఏరిన పిక్కలు తోటలోనే ఉండిపోయాయి. కూలీ ఆడవాళ్లు ఎండ ఉండగానే నడిచి వచ్చేశారు. అనిత బస్తాలన్నీ తొట్టికెత్తి తెచ్చేస్తానని ఆగిపోయింది.

పొద్దుగుంకే వేళకి కుమారి గెడ్డ ఒడ్డున నిలబడి ఉంది. పక్కన ములుగర్ర, దాని మొదట్లో చుట్ట. అవతలి వాలు మీదినుంచి జీపు లైట్లు దిగి వచ్చాయి. నీటి అంచుకొచ్చి ఇంజను ఆగిపోయింది.

"ఆగిపోనాది అమ్మా," అంది అనిత. గెడ్డ వెడల్పు ఎంతో కాదు, మామూలు గొంతు వినిపిస్తుంది.

"అయితే తిప్పీ," అంది కుమారి అలవాటుగా.

"ఎటు తిప్పమంతావు?"

నిజమే, ఎటు తిప్పాలి? పైన తోటలో కొమ్మ విరిగిన చప్పుడైంది. మరోటి. గాలి లేదు.

"అమ్మా, ఇదేటో సిత్రంగున్నాది," అంది అనిత. "గేరు తీసేసినాను. బ్రేకు మీద కాలు నేదు. బస్తాలున్నాయి, పల్లానికి జారాల కదా? జారట్నేదు."

కుమారి చూసింది. జీపు వాలు మీద ముందుకాళ్లు తన్నిపట్టి వెనక్కి ఒరిగిన ఎద్దులా ఉంది. ఇంజను చప్పుడు లేదు, అయినా రేకులు సన్నగా వణుకుతున్నాయి. ఆకాశం చూసింది. కొండ మీద మబ్బు తునక లేదు. రాదు, ఈ గెడ్డకి ఈ రోజు వరద రాదు. మరి ఎందుకాగింది? ఇంతకాలంలో ఆ ప్రశ్న వేసుకోవడం ఆమెకి అదే మొదలు.

"నడిసి వచ్చేయనా?"

వచ్చేయమందామని కుమారి నోరు తెరిచింది. చీలమండ లోతు నీళ్లు, నాలుగు అంగల్లో దాటేస్తుంది. మాట పెదవి దాటకముందే అవతల అనిత నవ్వింది. చిన్నప్పుడు తండ్రి సంతనుంచి వచ్చినప్పుడు నవ్వే నవ్వు.

"నాన్న," అంది.

"ఏటే?"

"నాన్నున్నాడమ్మా. గెడ్డలో. నీకు కనపడట్నేదేటి? బుజాన తువ్వాలేసుకుని ఉన్నాడు. దా, దా అంటన్నాడు. అన్నం తిందాం దా అంటన్నాడు."

కుమారికి ఎవరూ కనపడలేదు. గెడ్డ నడుమ, రాయి లేని చోట, నీళ్లు చీలి పారుతున్నాయి. ఒక చోట కాదు, పక్కపక్కనే రెండు చోట్ల. మోకాళ్లు ముడవకుండా నిలబడ్డ మనిషి కాళ్ల చుట్టూ పారినట్టు పారుతున్నాయి. చుట్ట వాసన గుప్పుమంది. అది కర్ర మొదట్లోంచి రాలేదు, నీళ్ల మీదినుంచి వచ్చింది.

అనిత జీపు దిగింది. చెప్పులు విప్పి ఒడ్డున పెట్టింది. ఆ పిల్ల దిగుతుంటే జీపు హారను దానంతటదే ఒక్కసారి మోగి ఆగింది, గొంతు బిగుసుకున్న పశువు అరిచినట్టు.

అప్పుడు తెలిసింది కుమారికి. శీతాకాలంలో ఎందుకాగిందో, మంచులో ఎందుకాగిందో, కొనకముందు మొదటి రోజున, ఈ కర్ర ఒడ్డున గుచ్చిన రోజునే, ఎందుకాగిందో. బండి నీళ్లకి బెదరలేదు, బావకి బెదిరింది. బావ బండిలో కూర్చుని పిల్లని కాయడం లేదు. గెడ్డ నడుమ నిలబడి పిలుస్తున్నాడు. చుట్టలు పెట్టి, కర్ర గుచ్చి, నీ పని ఇంకా అవలేదు ఉండు ఉండు అని ఆయన్ని అక్కడ నిలబెట్టింది తనే.

చెడ్డవాడై పిలవడం లేదని ఆమెకి తెలుసు. ఒక్కడూ కూర్చుని తినలేడు. అంతే.

"అనితా, ఆగు," అంది. పిల్లకి వినపడలేదు. ఒక పాదం నీళ్లలో పెట్టింది.

కుమారి ములుగర్ర మట్టిలోంచి పీకింది. మోకాలికి ఆనించి బలమంతా పెట్టింది. ముదురు వెదురు, వంగింది గానీ విరగలేదు. చెయ్యి పట్టే చోట ఆ నునుపు ఆమె అరచేతికి తగిలింది. పెళ్లయిన కొత్తలో బావ అరచెయ్యి ఎంత గరుకుగా ఉండేదో గుర్తొచ్చింది. ఆ క్షణంలో ఆమెకి ఆ కర్ర వదలాలని లేదు. నిజంగా లేదు. అనిత రెండో పాదం ఎత్తింది.

"బావా," అంది కుమారి. అరవలేదు, వంటింట్లోంచి పిలిచినట్టే పిలిచింది. "నీ పని అయిపోనాది బావా. ఒక్కడివే ఎల్లు. మన గుంట అనిత రాదు."

కర్ర ఫెళ్లున విరిగింది. రెండు ముక్కలూ గెడ్డలోకి విసిరింది. అవి కొట్టుకుంటూ పోయి, నీళ్లు చీలుతున్న చోట ఆగాయి. ఎవరో వంగి పట్టుకున్నట్టు అక్కడే ఆగాయి. తరవాత ఒక ముక్క కదిలింది, దాని వెనక రెండోది. మలుపు తిరిగి, మొగలి పొదల వైపు వెళ్లిపోయాయి. నీళ్లు ఒకటిగా కలిసి పారాయి.

అవతల ఒడ్డున జీపు ఒక్కసారి కుంగి, జానెడు జారి రాయికి తట్టుకుని నిలబడింది. అనిత తన పాదాల వంక చూసుకుంది, నీళ్లు చల్లగా ఉన్నాయన్నట్టు ఉలిక్కిపడి వెనక్కి గెంతింది. ఎక్కి తాళం తిప్పితే తొలిసారికే అంటుకుంది. వెనక తోటలో చెట్లు ఊగుతుండగా గెడ్డ దాటి వచ్చేసింది.

కుమారి కర్ర గుచ్చిన గుంతని మడమతో పూడ్చి, చుట్టని నీళ్లలోకి తోసేసి, బండెక్కింది. సీటు పొడిగా ఉంది. అప్పుడు ఏడ్చింది. పదో రోజున ఏడవని ఏడుపు, ఈశ్వర్ ముందు ఏడవని ఏడుపు అంతా ఊరు వచ్చేదాకా ఏడ్చింది. అనిత బండి మెల్లగా తోలింది.

"నాన్నకి కోపమొచ్చినాదేటమ్మా?"

"కోపం కాదు. ఒక్కడూ ఎల్లడం అలవాటు నేదు ఆయనకి."

ఆ తరవాత జీపు గెడ్డ దగ్గర ఎప్పుడూ ఆగలేదు. మళ్లీ వానలొచ్చాయి. ఎండ కాసినా, కొండ నల్లబడినా, తాళం తిప్పితే చాలు, అది కూడా ఆ తెల్ల పికప్పులాగే గుడ్డిగా నీళ్లలోకి దిగిపోతుంది. ఈశ్వర్‌కి ఆనందం, బండి బాగుపడిందంటాడు. కుమారి మాత్రం ప్రతిసారీ ముందుసీట్లో కూర్చుంటుంది. నీటి అంచుకి రాగానే కొండ చూస్తుంది, గాలి వాసన చూస్తుంది. ఒక్కో రోజు ఏమీ కనపడకపోయినా, "తిప్పీ," అంటుంది.

అనిత ఎందుకని అడగదు. తిప్పేస్తుంది.